కార్పొరేషన్‌కు ఎప్పుడు పోవాలి, ఏం పట్టుకుపోవాలి

సీసీ రోడ్డు పడుతుంటే వీధి మొత్తం బయటికొస్తుంది. ఇసుక ఎక్కువైంది, సిమెంటు తక్కువైంది, రోడ్డు మా గడప కంటే పైకి లేచింది, రేపు వానొస్తే నీళ్లన్నీ మా ఇంట్లోకే అని కాంక్రీటు కలిపే మిల్లర్ పక్కన నిలబడి గొడవ పడతాం. మేస్త్రీ పాపం ఏం చేస్తాడు, ఆయన చేతిలో ఉండేది తాపీ ఒక్కటే. రోడ్డు ఎంత మందం, ఎంత ఎత్తు, పాత రోడ్డు తవ్వి వేయాలా లేక దాని నెత్తినే వేయాలా, పక్కన కాలువ ఉందా లేదా, ఇవన్నీ కొన్ని నెలల ముందే ఒక ఎస్టిమేట్‌లో రాసేసి ఉంటారు. ఆ రాసిన రోజు మనం ఎక్కడున్నామంటే, ఇంట్లో టీవీ చూస్తున్నాం.

ఈ తప్పు నేనూ చేశాను. కర్నూలుకు రాకముందు వేరే ఊళ్లో ఉండేవాణ్ని, పేరెందుకులెండి. మా సందులో మురుగు నిలబడుతోందని రెండేళ్లు తిరిగాను. పోయిన ప్రతిసారీ ఫండ్స్ లేవన్నారు. చివరికి అక్కడ పనిచేసే ఒక గుమాస్తా జాలిపడి, టీ తాగుతూ చెప్పాడు: "సార్, మీరొచ్చేది ఎప్పుడూ పెళ్లయిపోయాక. ముహూర్తం పెట్టేటప్పుడు రండి." అప్పుడు కోపమొచ్చింది కానీ, ఆలోచిస్తే ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను కింద రాస్తున్నదంతా ఆ ముహూర్తం గురించే, అంటే కార్పొరేషన్ తన పనుల జాబితా, బడ్జెట్ రాసుకునే సమయం గురించి. కర్నూలు లెక్కలో రాస్తున్నాను, కడప, అనంతపురం వాళ్లకూ దాదాపు ఇదే వర్తిస్తుంది, తేడా ఉన్నచోట చెప్తాను.

ముందు మీరెక్కడున్నారో చూసుకోండి

నవ్వకండి. మీ వార్డు నంబరెంత అని అడిగితే మా వీధిలో సగంమంది కాలనీ పేరు చెప్పారు. కర్నూలులో 52 వార్డులు, కడపలో 50 డివిజన్లు, అనంతపురంలో 50. 2021 మార్చిలో ఎన్నికలు ఈ లెక్కనే జరిగాయి. కర్నూలులో ఇంకో తిరకాసు ఉంది. కార్పొరేషన్ ఒకటే కానీ ఊరంతా ఒక ఎమ్మెల్యే కింద లేదు. కల్లూరు వైపు వార్డులు పాణ్యం నియోజకవర్గంలోకి పోతాయి, కొన్ని కోడుమూరులోకి పోతాయి. అందుకని "ఎమ్మెల్యే గారికి చెప్పాం" అనే ముందు ఏ ఎమ్మెల్యేకు చెప్పాలో ఓటరు కార్డు తీసి చూసుకోండి. వేరే నియోజకవర్గం ఆయన దగ్గర గంటసేపు కూర్చొని, కాఫీ తాగి, ఫొటో దిగి వచ్చిన వాళ్లున్నారు.

తర్వాత వార్డు సచివాలయం. 2019 అక్టోబరు 2న మొదలైన వ్యవస్థ ఇది, బోర్డు మీద పేర్లు మారినా జనం నోట్లో సచివాలయమే. సుమారు 4 వేల మందికి ఒకటి అనే లెక్కలో పెట్టారు. అక్కడికి పోయి "సార్ ఎవరున్నారు" అని అడిగితే ఎవరో ఒకరు కాగితం తీసుకొని పక్కన పెడతారు. మనకు కావాల్సిన మనిషిని హోదాతో అడగాలి. నీళ్లు, రోడ్లు, కాలువలు, వీధిలైట్లు అయితే ఎమినిటీస్ సెక్రటరీ. చెత్త, దోమలు, కాలువ పూడిక అయితే శానిటేషన్ సెక్రటరీ. ఇంటి ప్లాను, ఆక్రమణ, ఖాళీ స్థలం అయితే ప్లానింగ్ సెక్రటరీ. పన్నుల సంగతి అడ్మిన్ సెక్రటరీకి. పైన ఆఫీసులో ఇంజినీరింగ్ వైపు ఏఈ, డీఈ, ఈఈ, ఎస్ఈ అని ఇంజినీర్ల మెట్లుంటాయి. వీధి పనికి అసలు మనిషి ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు. ఎస్టిమేట్ రాసే పెన్ను ఆయన జేబులోనే ఉంటుంది. కమిషనర్‌ని కలిసినా ఆ కాగితం తిరిగి తిరిగి చివరికి ఏఈ టేబుల్ మీదికే వస్తుంది కాబట్టి ఆయనతో మొదటినుంచే మర్యాదగా ఉండండి. మా ఊళ్లో కొందరికి ఆఫీసర్ని నాలుగు మాటలు అంటే తప్ప తిన్నది అరగదు, ఆ బాపతు వాళ్లను ముందు వరుసలో పెట్టొద్దు.

పది ఇళ్లు చాలు

పెద్ద సంఘం కట్టాలి, అధ్యక్షుడు, కార్యదర్శి, శాలువాలు, ఇవేవీ మొదట్లో అక్కర్లేదు. పది ఇళ్లవాళ్లు ఒక ఆదివారం సాయంత్రం కూర్చొని ఈ ఏడాది మన వీధికి ఒక్కటే పని కావాలంటే ఏది కావాలి అని తేల్చుకోండి. ఒక్కటే. నలుగురు నాలుగు చెప్తారు, గొడవవుతుంది, ఒకాయన మధ్యలో లేచి వెళ్లిపోతాడు కూడా, అయినా సరే ఒక్కదానికి రావాలి. పన్నెండు కోరికల అర్జీ ఎక్కడికీ కదలదు, ఎందుకంటే అందులో ఒక్కో కోరిక ఒక్కో సెక్షన్‌ది. ఎవరికి వాళ్లు ఇది మాది కాదని పక్క టేబుల్‌కు తోసేస్తారు.

ఆడవాళ్లను పిలవండి అని కాదు, ఆడవాళ్లనే అడగండి అంటాను. నీళ్లు ఎన్ని గంటలకొస్తున్నాయి, ఎంతసేపు వస్తున్నాయి, ఏ ఇంటి దగ్గరికొచ్చేసరికి ధార సన్నబడుతోంది, ఇది మగవాళ్లలో ఒక్కరికీ తెలీదు. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద నడిచే ఆడవాళ్ల పొదుపు సంఘాలు ప్రతి పేటలోనూ ఉన్నాయి, నెలనెలా మీటింగ్ పెట్టుకోవడం, రిజిస్టరు రాసుకోవడం వాళ్లకు అలవాటే. మీ వీధిలో ఈ సంఘాలను చూసుకునే ఆర్పీ (రిసోర్స్ పర్సన్) అక్కను ఒకసారి కలవండి. మన కాలనీ పెద్దమనుషులు మూడు నెలల్లో చేయలేని సంతకాల పని ఆమె రెండు సాయంత్రాల్లో చేసి పెడుతుంది.

పార్టీ సంగతి. మన సీమలో దీన్ని దాచిపెట్టి మాట్లాడితే లాభం లేదు. ప్రతి వీధిలో ఇటువాళ్లు ఉంటారు, అటువాళ్లు ఉంటారు, అర్జీ మీద మొదటి సంతకం ఎవరిదో చూసి ఇది ఫలానా పార్టీ అర్జీ అనేస్తారు. మేం చేసింది ఏంటంటే, సంతకాలు ఇంటి నంబర్ల వరుసలో పెట్టించాం. ఒకటో నంబరు ఇంటాయన ఏ పార్టీ అయినా మొదటి సంతకం ఆయనదే. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఇంకోటి, పని అయ్యాక కొబ్బరికాయ ఎవరు కొట్టాలి అనే మాట ముందే అనుకోండి. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కొబ్బరికాయ దగ్గర చెడిన సంఘాలు చాలా ఉన్నాయి.

రిజిస్ట్రేషన్ తర్వాత ఆలోచించొచ్చు. 2001 నాటి సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు ఉంటే సంఘం రిజిస్టరు చేసుకోవచ్చు. పార్కు నిర్వహణ మాకివ్వండి అని అడగాలన్నా, కోర్టు దాకా పోవాల్సి వచ్చినా అప్పుడు పనికొస్తుంది.

అర్జీ ఎట్లా రాయాలి

"మా కాలనీలో సమస్యలు తీవ్రంగా ఉన్నాయి, దయచేసి పరిష్కరించగలరు" అని రాస్తే చదివే మనిషికి చేయడానికి ఏమీ లేదు. మేం పోయినేడాది ఇచ్చిన అర్జీ దాదాపు ఇట్లా ఉంది, పేర్లు తీసేసి పెడుతున్నాను, కావాలంటే వాడుకోండి:

"కమిషనర్ గారికి. విషయం: ఫలానా వార్డు, ఫలానా వీధిలో రెండో అడ్డరోడ్డు నుంచి మెయిన్ కాలువ వరకు 90 మీటర్ల సిమెంటు కాలువ మంజూరు గురించి. అయ్యా, పై వీధిలో 34 ఇళ్లు ఉన్నాయి. పై వైపు రెండు వీధుల నీళ్లు కూడా ఇక్కడికే వస్తాయి. ఇప్పుడున్న మట్టి కాలువ 40 మీటర్ల దగ్గర ఆగిపోయింది, అక్కడినుంచి నీళ్లు రోడ్డు మీదే పోతున్నాయి. మెయిన్ కాలువ మా వీధి చివర కంటే రెండు అడుగులు పల్లంలో ఉంది కాబట్టి నీళ్లు పోవడానికి వాలు ఉంది. స్థలం విషయంలో ఎవరికీ అభ్యంతరం లేదని ఇళ్లవాళ్ల సంతకాలు జతచేశాం. వచ్చే బడ్జెట్‌లో ఈ పనిని చేర్చి, ఏఈ గారితో స్థలం చూపించి ఎస్టిమేట్ తయారు చేయించవలసిందిగా కోరుతున్నాం. జత: సంతకాలు, ఫొటోలు 4, చేతితో గీసిన పటం."

ఇందులో కిటుకు 90 మీటర్లు అనే మాటలో ఉంది. టేపు పట్టుకొని ఇద్దరు పిల్లలు కొలిచారు, పది నిమిషాల పని. కొలత ఉన్న అర్జీ చూస్తే ఏఈకి అది సగం రాసిన ఎస్టిమేట్‌లా కనిపిస్తుంది. వాలు గురించి రాసిన వాక్యం ఇంకా ముఖ్యం. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయి, ఎక్కడికి పోవాలి అన్నది తేలకుండా కట్టిన కాలువలు దోమల తొట్లవుతాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకొచ్చినప్పుడు చూసినవాళ్లకు నీళ్ల దారి అంటే ఏంటో చెప్పనక్కర్లేదు. కడపవాళ్లకు 2001 నాటి బుగ్గవంక వరద, అనంతపురం వాళ్లకు 2022 నాటి నడిమివంక వరద ఉండనే ఉన్నాయి.

ఇక స్థలం మీద అభ్యంతరం లేదు అనే మాట. సగం పనులు ఆగేది ఇక్కడే. ఒకరి మెట్లు కాలువ మీదికి వచ్చి ఉంటాయి, ఇంకొకరి ర్యాంపు రోడ్డు మీద ఉంటుంది. పని మంజూరై, మిషను వచ్చి నిలబడ్డాక "నా మెట్లు ముట్టుకుంటే ఊరుకోను" అంటాడు మన పక్కింటాయనే. అది ముందే మాట్లాడుకోండి, సంతకం పెట్టించుకోండి.

అర్జీ రెండు కాపీలు తీసుకుపోయి తపాలా సెక్షన్‌లో ఒకటిచ్చి, రెండోదాని మీద ఇన్‌వార్డు నంబరు (అందిన కాగితానికి వాళ్లు వేసే నంబరు), తేదీ, ముద్ర వేయించుకోండి. "పెట్టి పోండి సార్, చూస్తాం" అంటే నవ్వుతూ అక్కడే నిలబడండి. నంబరు లేని అర్జీ ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే.

సోమవారం గ్రీవెన్సుకు కూడా పోవచ్చు. కలెక్టరేట్‌లో పెట్టే ప్రజా సమస్యల పరిష్కార వేదిక అదే, పాత పేర్లు మీకు తెలిసినవే, మీకోసం అన్నారు, స్పందన అన్నారు. 1100కు ఫోన్ చేసినా నమోదు చేస్తారు, పురమిత్ర యాప్ ఉంది. కానీ ఒక తేడా గుర్తుపెట్టుకోండి. లైటు వెలగడం లేదు, పైపు పగిలింది, చెత్త తీయలేదు, ఇవి ఫిర్యాదులు, యాప్‌లో పెట్టండి, ఫొటోతో సహా. కాలువ కట్టండి, రోడ్డు వేయండి అనేది ఫిర్యాదు కాదు, అది డబ్బు అడగడం. దాన్ని యాప్‌లో పెడితే "నిధులు వచ్చిన వెంటనే చేపడతాం" అని మెసేజ్ వచ్చి ఫిర్యాదు మూసుకుపోతుంది. వాళ్ల తప్పేం లేదు, మనం తప్పు కౌంటర్లో నిలబడ్డాం.

ముహూర్తం

మన లెక్కలో చెప్తాను: దీపావళికి అర్జీ లోపల ఉండాలి, సంక్రాంతికి ముందు ఒకసారి గుర్తుచేయాలి.

ఎందుకంటే కార్పొరేషన్‌కు కొత్త ఏడాది ఏప్రిల్ 1న మొదలవుతుంది. దానికి ముందు కమిషనర్ దగ్గర బడ్జెట్ ముసాయిదా తయారవుతుంది, స్థాయీ సంఘం (స్టాండింగ్ కమిటీ) చూస్తుంది, తర్వాత కార్పొరేటర్లందరూ కూర్చునే కౌన్సిల్లో పెడతారు. కౌన్సిల్లో పెట్టే రోజుకు అంకెలన్నీ గట్టిపడిపోయి ఉంటాయి, ఆ రోజు ఎంత అరిచినా ఒక పద్దులోంచి ఇంకో పద్దులోకి చిల్లర మారుతుందేమో అంతే. ఇంజినీరింగ్ సెక్షన్ వాళ్లు వచ్చే ఏడాది పనుల జాబితా రాసుకునే చలికాలంలోనే మన వీధి పేరు అందులో పడాలి.

బడ్జెట్ కాపీ ఒకసారి చేత్తో పట్టుకొని చూడండి, భయపడేదేం లేదు. ఒకవైపు వచ్చేది: ఇంటి పన్ను, ఖాళీ స్థలం పన్ను, నీటి చార్జీలు, ప్లాన్ ఫీజులు, దుకాణాల అద్దెలు, పైనుంచి వచ్చే గ్రాంట్లు. ఇంకోవైపు పోయేది: జీతాలు, నీళ్లు తోడే మోటార్ల కరెంటు, పారిశుద్ధ్యం, మిగిలితే పనులు. ప్రతి పద్దు పక్కన పోయినేడాది అంచనా, సవరించిన అంచనా, నిజంగా వచ్చింది అని వేర్వేరు గడులు ఉంటాయి. మొదటి గడికీ చివరి గడికీ ఉన్న తేడానే చూడండి. దుకాణాల అద్దె అని పెద్ద అంకె వేసి అందులో సగమే వచ్చి ఉంటే, మీ కాలువ డబ్బు ఎక్కడ ఆగిందో అర్థమవుతుంది. ఆ ప్రశ్న కార్పొరేటర్ చేత అడిగించొచ్చు.

గ్రాంట్లకు కట్టుబాట్లుంటాయి. కేంద్రం వేసిన 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా మన స్థాయి ఊళ్లకు ఇచ్చిన డబ్బులో 100కు 60 రూపాయలు తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చుపెట్టాలని షరతు పెట్టింది. ఇట్లాంటి షరతున్న డబ్బును మీరు రోడ్డు కోసం అడిగితే కుదరదు, మురుగునీటి పని కింద అడిగితే దారుండొచ్చు. ఏఈని నేరుగా అడగండి: "సార్, ఇది ఏ గ్రాంటులో పెడితే పనవుతుంది?" ఈ ఒక్క ప్రశ్న అడిగితే ఆయన మిమ్మల్ని చూసే చూపు మారుతుంది, నాకు అనుభవం.

వానాకాలానికి ముందు పూడికతీత ఇంకో చిన్న ముహూర్తం. ఏప్రిల్, మే నెలల్లోనే అడగాలి. జూన్‌లో కాలువ పొంగాక ఫొటోలు పెడితే పేపర్లో వస్తాయి, అంతవరకే.

కౌన్సిల్ మీటింగ్

మీటింగుకు ముందు కార్పొరేటర్లకు అజెండా పంపిస్తారు. మీ కార్పొరేటర్‌ను అడిగి దాన్ని ఫోన్లో ఫొటో తీసుకోండి. మీ వార్డు పేరు ఏ అంశంలో ఉందో వెతకండి. ర్యాటిఫికేషన్ అని కనిపిస్తే ఆగి చదవండి, పని లేదా ఖర్చు ముందే జరిగిపోయింది, ఇప్పుడు ఆమోదం అడుగుతున్నారని అర్థం. అజెండాలో లేకుండా అప్పటికప్పుడు టేబుల్ మీదికి వచ్చే అంశాలు ఇంకో రకం. అన్నీ తప్పుడువని కాదు, పైపు పగిలితే ఎవరూ మీటింగు దాకా ఆగలేరు. కానీ ప్రతి మీటింగులో సగం అంశాలు అట్లాగే వస్తుంటే మాత్రం అడగాల్సిందే.

గ్యాలరీలో కూర్చొని చూడాలంటే ముందురోజు సెక్రటరీ సెక్షన్‌లో అడిగి పోండి. ఒక్కసారైనా చూడండి. మన కార్పొరేటర్ లేచి మాట్లాడతారా, సంతకం పెట్టి వెళ్లిపోతారా అన్నది అక్కడ తప్ప ఇంకెక్కడా తెలీదు.

మన రాష్ట్రంలో పట్టణ సీట్లలో సగం ఆడవాళ్లకు కేటాయించారు. ఫోన్ చేస్తే మాత్రం చాలాచోట్ల భర్త ఎత్తుతారు. "అన్నా, మేడమ్‌కు ఇవ్వండి, వార్డు విషయం" అనండి, పదిసార్లయినా అట్లాగే అనండి. మన వీధి ఆడవాళ్లు నలుగురు నేరుగా ఇంటికి పోయి ఆమెతోనే మాట్లాడటం ఇంకా మంచిది.

సమాచార హక్కు, కాస్త వివరంగా

అర్జీకి జవాబు రాకపోతే ఇక ఇదే. 2005 నాటి చట్టం, 10 రూపాయల ఫీజు, తెల్లకార్డు వాళ్లకు అదీ లేదు. "పౌర సమాచార అధికారి, నగరపాలక సంస్థ" అని పేరు పెట్టి తెల్లకాగితం మీద తెలుగులోనే రాయొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే, ఇచ్చింది సరిగా లేకపోతే, 30 రోజుల లోపల అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు. దానికీ దిక్కులేకపోతే 90 రోజుల లోపల సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

ఎందుకు అని ఎప్పుడూ అడగొద్దు. "మా వీధికి రోడ్డు ఎందుకు వేయలేదు?" అని అడిగితే అది సమాచారం కాదని ఒక్క ముక్కలో తిప్పి పంపుతారు, అందులో వాళ్లదే ఒప్పు. ఉన్న కాగితం కాపీ అడగాలి. ఇట్లా:

"ఇన్‌వార్డు నంబరు ఫలానా, తేదీ ఫలానా గల మా అర్జీ ఈరోజు వరకు ఏ ఏ అధికారి దగ్గర ఎన్ని రోజులు ఉన్నదీ తెలిపే ఫైలు నోట్ కాపీ. గత రెండు ఆర్థిక సంవత్సరాల్లో ఫలానా వార్డులో మంజూరైన పనుల జాబితా, ఒక్కోదాని అంచనా విలువ, ఏ నిధి, కాంట్రాక్టరుకు చెల్లించిన మొత్తం. ఫలానా వీధి సీసీ రోడ్డు పనికి ఎస్టిమేట్, అగ్రిమెంట్, ఎంబుక్ పేజీలు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు కాపీలు."

మొదటి ప్రశ్న ఒక్కటే చాలాసార్లు పని చేసేస్తుంది. అర్జీ ఎవరి టేబుల్ మీద ఎన్ని రోజులు పడుకుందో రాసివ్వాలంటే ఎవరికైనా ఇబ్బందే, దానికంటే ఫైలు కదపడమే సుఖం అనుకుంటారు. ఎంబుక్ అంటే కొలతల పుస్తకం. పని ఎంత పొడవు, ఎంత మందం జరిగిందని రాసి, దాన్ని బట్టే బిల్లు ఇస్తారు. కాగితం మీద మందం ఆరంగుళాలుంటే మీ వీధి చివర, రోడ్డు అంచు కనిపించేచోట, స్కేలు పెట్టి చూసుకోవచ్చు.

చాలామందికి తెలియనిది ఇంకోటుంది. ఈ చట్టంలో సమాచారం అంటే కాగితాలే కాదు. పనులను స్వయంగా తనిఖీ చేయడం, వాడిన సామగ్రి నమూనా తీసుకోవడం కూడా హక్కులోకే వస్తాయి. ఫైలును ఆఫీసులో కూర్చొని చూస్తాం అని కూడా అడగొచ్చు, మొదటి గంటకు ఫీజు లేదు. జిరాక్స్‌కు పేజీకి 2 రూపాయలు కాబట్టి ఐదొందల పేజీలు అడిగి నెత్తిన వేసుకోవద్దు, ముందు చూసి కావాల్సినవే తీసుకోండి.

ఒక జాగ్రత్త. ఒక్క మనిషి పేరుతో పదే పదే వేస్తే ఆ మనిషికి ఇళ్ల దగ్గర ఒత్తిడి వస్తుంది. బంధువుతో చెప్పిస్తారు, స్నేహితుడితో చెప్పిస్తారు, నీకెందుకప్పా ఈ గొడవ అంటారు. వంతులవారీగా వేయండి, ఈసారి ఒకరు, వచ్చేసారి ఇంకొకరు. దరఖాస్తు భాష మర్యాదగా ఉండాలి. కాంట్రాక్టర్ని బెదిరించి డబ్బు గుంజడానికి దీన్ని వాడేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లవల్లే ఆర్టీఐ అనగానే ఆఫీసుల్లో మొహం మాడ్చుకుంటారు. ఆ కంపు మనకు అంటకూడదు.

పని మొదలయ్యాక

ఇప్పుడు మిల్లర్ దగ్గర నిలబడొచ్చు, ఎస్టిమేట్ చేతిలో ఉంది కదా. అరవక్కర్లేదు. పాత రోడ్డు తవ్వాలని రాసుంటే తవ్వారా, కాలువ వాలు సరిపోయిందా చూడండి, ఇద్దరు ముసలాయనలు కుర్చీలేసుకొని కూర్చుంటే చాలు. రోజుకు రెండు ఫొటోలు. తేడా కనిపిస్తే కాంట్రాక్టర్‌తో పెట్టుకోకుండా ఏఈకి ఫోన్ చేసి, అదే విషయం మెసేజ్‌గా కూడా పెట్టండి. పని పూర్తయ్యాక కొంతకాలం దాకా మరమ్మతు బాధ్యత కాంట్రాక్టర్‌దే అని అగ్రిమెంట్‌లో ఉంటుంది, ఆ గడువు ఎంతో చూసి గోడ మీద క్యాలెండర్‌లో రాసుకోండి. అది దాటాక పగుళ్లొస్తే మళ్లీ దీపావళి దాకా ఆగాల్సిందే.

పన్ను, పార్కు స్థలం

పన్ను మన గొంతుకు బలం. బకాయి ఉన్న వీధి అడిగితే "మీ వీధి బకాయి ఇంత" అని స్క్రీన్ తిప్పి చూపిస్తారు, అప్పుడు మాట పడిపోతుంది. ఏడాది మొత్తం ఏప్రిల్‌లోనే కడితే 5 శాతం తగ్గింపు ఇస్తున్నారు, వాడుకోండి. 2020 చట్ట సవరణ తర్వాత ఇంటి పన్ను అద్దె విలువ మీద కాకుండా స్థలం, కట్టడం విలువ మీద వేస్తున్నారు, ఏడాదికి 15 శాతం కంటే పెంచకూడదని పరిమితి పెట్టారు. రేట్లు మార్చేముందు ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు అడుగుతారు. ఆ గడువులో రాయని మనిషి, తర్వాత టీ బంకు దగ్గర ఎంత మాట్లాడినా టీ ఖర్చే.

లేఅవుట్ ఖాళీ స్థలం ఇంకా రసవత్తరమైన విషయం. ఆమోదించిన లేఅవుట్‌లో 10 శాతం స్థలం పార్కు కోసమని వదిలి స్థానిక సంస్థకు అప్పగించాలి. మీ కాలనీలో ఆ 10 శాతం ఎక్కడుందో మీకు తెలుసా? లేఅవుట్ ప్లాను కాపీ ఆర్టీఐలో అడగండి, టేపు పట్టుకొని పోయి చూడండి. ముందు గేదెల పాక, తర్వాత రేకుల షెడ్డు, తర్వాత చిన్న గుడి, ఇదీ క్రమం. గుడి కట్టాక ఇక ఎవరూ మాట్లాడరు. పాక దశలోనే రాతపూర్వకంగా ఇచ్చి, ఫెన్సింగ్, బోర్డు అడగండి. మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చినప్పుడు కూడా అభ్యంతరాలకు గడువుంటుంది. ఈ ప్లాన్ చూసేది పట్టణాభివృద్ధి సంస్థలు: కర్నూలుకు కుడా, అనంతపురం, హిందూపురం కలిపి అహుడా, కడప వైపు అన్నమయ్య అథారిటీ. హంద్రీ పక్కనో వంక పక్కనో స్థలం దేనికి వాడాలో చూపే రంగు మార్చారంటే పటం ముందేసుకొని కూర్చోండి, వదలొద్దు.

వార్డు కమిటీ, కౌన్సిల్ లేని కాలం

1993 జూన్ 1 నుంచి అమల్లో ఉన్న 74వ రాజ్యాంగ సవరణలో 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న ఊళ్లలో వార్డు కమిటీలు ఉండాలని ఉంది. 2011 లెక్కల్లో కర్నూలు నగరం సుమారు 4.3 లక్షలు, కడప 3.4 లక్షలు. అనంతపురం ఒక్కటే 2.6 లక్షల దగ్గర ఉండి అప్పటికి ఆ గీత దాటలేదు. మీ వార్డుకు కమిటీ వేశారా, వేస్తే సభ్యులెవరు, ఎన్నిసార్లు కూర్చున్నారు, ఏం మాట్లాడారో రాసుకున్న మినిట్స్ కాపీ ఇవ్వండి అని అడగండి. లేదని జవాబొస్తే అదీ పనికొచ్చే కాగితమే. దాన్ని జతచేసి, కమిటీ వేయమని కమిషనర్‌కు, మేయర్‌కు రాయొచ్చు.

ఎన్నికైన పాలకవర్గం గడువు అయిదేళ్లు. అది తీరేలోపల ఎన్నికలు పెట్టాలని రాజ్యాంగంలోనే ఉంది, కానీ 2010 తర్వాత 2021 దాకా కర్నూలు ప్రత్యేకాధికారుల కిందే నడిచింది. ఆ కాలంలో కార్పొరేటర్ ఇంటి తలుపు తట్టే దారి లేదు. అట్లాంటప్పుడు పైన చెప్పినవన్నీ ఇంకా గట్టిగా చేయాలి, ఎందుకంటే కౌన్సిల్ పని, స్థాయీ సంఘం పని కూడా ఒక్క సంతకంలోనే అయిపోతుంది, అడిగేవాళ్లు ఉండరు. ఎన్నికలు దగ్గరపడితే వార్డుల పునర్విభజన ముసాయిదా, వార్డులవారీ ఓటర్ల జాబితా వస్తాయి. అభ్యంతరాలకు ఇచ్చే రోజులు తక్కువ. మన వీధిని అడ్డంగా కోసి సగం ఒక వార్డులో, సగం ఇంకో వార్డులో పడేశారా చూడండి. పడేస్తే ఆ తర్వాత అయిదేళ్లు ఒకే కాలువకు ఇద్దరు కార్పొరేటర్లు, ఇద్దరూ అది అవతలి వార్డుదే అంటారు.

చివరగా ఫైలు. అర్జీ కాపీలు, ముద్రలు, ఆర్టీఐ జవాబులు, ఫొటోలు అన్నీ ఒకే ఫైల్లో పెట్టండి, సొంత ఇల్లు ఉన్నవాళ్ల దగ్గర ఉంచండి. మా వీధిలో మొదట అద్దెకున్న కుర్రాడి దగ్గర ఉండేది, చాలా చురుకైనవాడు, ఉద్యోగం మారి బెంగళూరు పోతూ సామాన్లతోపాటు దాన్నీ పట్టుకుపోయాడు. కొరియర్‌లో తెప్పించేసరికి నెలన్నర పట్టింది. ఇప్పుడు మూడో నంబరు ఇంటి పెద్దమ్మ బీరువాలో, పట్టుచీరల కింద ఉంది.